ఆలస్యానికి కారణం

మార్చి 2

574.

తొమ్మిది వందలకు, నా క్రెడిట్ స్కోరు. అర్ధచంద్రాకారపు బొమ్మలో ముల్లు ఎర్రటి భాగం మీద ఆగింది. దాని కింద "బలహీనం" అని ఉంది. నా ప్రోగ్రెస్ కార్డు మీద ఆ మాట ఎప్పుడూ రాలేదు.

నాన్న హాస్పిటల్ కోసం తీసుకున్న లోను: వరుసగా ఏడు వాయిదాలు లేటు. క్రెడిట్ కార్డు: అదే ఏడు నెలలు. జనవరిలో జరిమానాలతో సహా అన్నీ ఒకేసారి కట్టేశాను. కట్టేస్తే అయిపోతుందనుకున్నాను. అయిపోదట. మచ్చ ఉండిపోతుందట.

ఇదంతా హాస్పిటల్ వల్లే.

మార్చి 5

మేడ మీది నుంచి డెంటిస్టు గారు దిగి వచ్చారు. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారట. మా కింది వాటా, రెండు గదులూ వంటిల్లూ, విడిగా అమ్ముతారట.

"పందొమ్మిదేళ్ళ నుంచి ఉంటున్నారు. మిమ్మల్ని అడక్కుండా బయటివాళ్ళకిస్తే నాకే పన్ను సలపరం పట్టుకుంటుంది," అన్నారు. సెప్టెంబరు ఆఖరు దాకా ఆగుతారు. ధర కూడా బయటికంటే తగ్గించే చెప్పారు.

అమ్మ ఆలోచించనైనా లేదు. "మా అమ్మాయికి లోను ఇస్తారండీ. ప్రెస్సులో ఆరేళ్ళ సర్వీసు. లెక్కలన్నీ తనే చూసుకుంటుంది," అంది.

నేను తలూపాను.

ఆయన వెళ్ళాక అమ్మ గోడల మీద అరచేయి ఆనిస్తూ గదులన్నీ తిరిగింది. వంటింటి కిటికీ పెద్దది చేయిద్దామంది. నాన్న మంచం ఉండే చోట నా పుస్తకాల అలమర పెట్టుకోమంది.

మార్చి 6

క్యాషియరక్కకు చెప్పాను. ఆమెకు సగం తెలుసు. జనవరిలో వసూళ్ళ మనిషి ప్రెస్సుకు వచ్చి నా బల్ల ముందు నిలబడి లోను నంబరు గట్టిగా చదువుతుంటే, అందరూ ప్రూఫుల్లోకి తలలు దించేసుకున్నారు. ఆమె ఒక్కతే లేచి వచ్చి, "కూర్చోండి బాబూ, నిలబడితే మీ గొంతు ఇంకా పెద్దదవుతోంది," అని కుర్చీ వేసింది.

"ఎంతుంది?" అంది ఇవాళ.

"అయిదు వందల డెబ్బై నాలుగు."

"మా ఆడబిడ్డది ఇంతకన్నా ఘోరం. నిక్షేపంలా తిరుగుతోంది."

"ఆ కార్డు కత్తిరించి పారేద్దామనుకుంటున్నానక్కా."

"పిచ్చిదానా! పాత కార్డు. దాని వయసే నీకు బలం. నెలకో చిన్న వస్తువు దానిమీద కొను, బిల్లు రాగానే మొత్తం కట్టెయ్."

"అక్కర్లేకపోయినా అప్పు చెయ్యాలా?"

"అప్పు చేసి తీర్చినదాన్నే నమ్ముతారే. అసలు చెయ్యనిదాన్ని వాళ్ళు గుర్తే పట్టరు. మీ కాన్వెంటు బడి సిస్టర్లు చెప్పిన నీతులు కాసేపు సంచీలో పెట్టుకో."

మార్చి 19

కార్డు మీద టూత్‌పేస్టు కొన్నాను. బిల్లు కోసం కాచుకుని కూర్చుంటాను.

ఏప్రిల్ 4

579.

ఏప్రిల్ 5

వాయిదా కట్టాను.

ఏప్రిల్ 22

మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉంచే కాగితాలు వచ్చాయి ప్రూఫు దిద్దడానికి. చీమ తలకాయంత అక్షరాలు. తలనొప్పి బిళ్ళకు రెండు పేజీల హెచ్చరికలు. మూడుసార్లు చదవాలి, మూడోసారి కింది నుంచి పైకి. వీటిని ఇంటిదగ్గర విప్పి చదివేవాళ్ళు ఎవరైనా ఉంటారా అని పక్క బల్లాయన అడిగాడు. నేను నవ్వలేదు.

సాయంత్రం అమ్మను తీసుకురావడానికి డ్రైక్లీనింగు షాపుకు వెళ్ళాను. కౌంటరు వెనక నిలబడి ప్రతి బట్టకూ నంబరు చీటీ పిన్ను చేస్తోంది. నన్ను చూడగానే, కోటు తీసుకోవడానికి వచ్చిన ఆవిడతో, "మా అమ్మాయండీ. ఇల్లు కొంటోంది," అంది.

మే 4

598. ముల్లు నారింజ రంగులోకి వచ్చింది.

ఎక్కువగా హాస్పిటల్ వల్లే.

మే 17

మధ్యాహ్నం భోజనం మానేసి బ్యాంకుకు వెళ్ళాను. లోన్ ఆఫీసరు నాకన్నా చిన్నవాడు. టైకి క్లిప్పు పెట్టుకున్నాడు, ఫ్యాను గాలికి అది ఎగరకుండా. నా పేజీలన్నీ తెరమీద చూసి పెదవి విరిచాడు.

"ఏడు వందలు కావాలండీ."

"సెప్టెంబరు లోపల అంత రాదు," అన్నాను.

"ఆరు వందల యాభై దాటితే, కారణం సరైనదైతే, నేను పై ఆఫీసుకు పంపించగలను. ఫారంలో ఒక గడి ఉంటుంది, ఆలస్యానికి కారణం అని. మీకు కారణం ఉందిగా?"

"మా నాన్నగారు..."

"హాస్పిటల్. కాగితాలున్నాయా?"

"ఉన్నాయి."

"ఇంకేం మరి. ఇంతకంటే మంచి కారణం దొరకదండీ," అని సంతోషంగా అన్నాడు. వెంటనే ఏమనిపించిందో, టై సవరించుకున్నాడు.

జూన్ 4

621.

జూన్ 5

వాయిదా కట్టాను. ఉదయం తొమ్మిదిన్నరకే.

జూన్ 28

అమ్మ కిటికీ పనివాణ్ణి పిలిపించి కొలతలు తీయించింది. ఇంకా మనది కాలేదు కదమ్మా అన్నాను.

"కొలతలకు డబ్బులు తీసుకోడులే," అంది. కాసేపటికి, "నువ్వు చూసుకుంటున్నావుగా. నువ్వున్నాక నాకేం భయం?" అంది.

జులై 4

640. క్యాషియరక్క తన డబ్బాలో సగం అన్నం నా డబ్బాలో పెట్టింది. "తిను. నంబరు పెరుగుతోంది, నువ్వు తరుగుతున్నావు," అంది.

ఆగస్టు 4

653.

మూడుసార్లు చూశాను. మూడోసారి కింది నుంచి పైకి. 653.

ఆగస్టు 9

ఫారం ఇచ్చి వచ్చాను. ఎలా ఇచ్చానో రాయాలి.

పెన్ను కూడా ఆఫీసరే ఇచ్చాడు. పేరు, వయసు, జీతం, ఉద్యోగం. ఆఖరి పేజీలో ఆ గడి. మూడు గీతలు. "హాస్పిటల్ ఖర్చులు అని రాసేసి సంతకం పెట్టండి," అని పక్క బల్ల మీదికి ఏదో కాగితం కోసం వెళ్ళాడు.

బడిలో ఉన్నప్పుడు, ఒకరోజు మానేస్తే మర్నాడు కారణం రాసి తీసుకెళ్ళాలి. అందరూ ఒంట్లో బాగోలేదని రాసేవాళ్ళు. ఏడో తరగతిలో నేను ఒకసారి, "రావాలనిపించలేదు, ఇంట్లో పుస్తకం చదువుకున్నాను," అని రాశాను. నన్ను నిలబెడతారనుకున్నాను. హెడ్ సిస్టర్ ఆ కాగితం క్లాసులో చదివి వినిపించి, ఈ బడిలో కారణం రాసింది ఈ అమ్మాయి ఒక్కతే, మిగతావన్నీ సాకులు అంది. నోటీసు బోర్డు మీద వారం రోజులు ఉంచింది. ఆ వారం నేను ఎంత పొడుగయ్యానో నాకు గుర్తుంది.

హాస్పిటల్ బిల్లులకు లోను సరిపోయింది. నాన్న పోయిన తర్వాతే వాయిదాలు ఆగాయి. ఆ ఏడు నెలలూ నాకు జీతం వచ్చింది. ఒక్క నెల కూడా ఆగలేదు. కార్డు మీద కొన్నవి పుస్తకాలు. వాటిని కూడా చదవలేదు. పెట్టెలతో సహా నా మంచం కింద ఉన్నాయి.

గడిలో ఇలా రాశాను: "డబ్బు ఉంది. బ్యాంకు నుంచి వచ్చిన కవర్లు తెరవలేదు. ఫోన్లు తీయలేదు. ఇకమీదట అలా జరగదు."

మూడు గీతలకు సరిగ్గా సరిపోయింది. అక్షరాలు బాగా వచ్చాయి.

ఎందుకు తెరవలేదో రాయలేదు. అది వాళ్ళకు అనవసరం.

ఆఫీసరు చూడకుండానే ఫారం మడిచి ఫైల్లో పెట్టాడు. బయటికి వచ్చాక చాలా తేలిగ్గా ఉంది. ఇంటిదాకా నడిచాను.

ఆగస్టు 10

"ఫారం ఇచ్చావా?"

"ఇచ్చానమ్మా."

"ఏమన్నాడు?"

"అయిపోయినట్టే."

ఎందుకలా అన్నానో తెలియదు. నడక తాలూకు తేలిక ఇంకా ఉంది.

ఆగస్టు 21

బ్యాంకు నుంచి ఫోను. ఈసారి తీశాను.

"ఏంటండీ ఇది? ఏం రాశారు మీరు?" ఆఫీసరు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"జరిగిందే రాశాను."

"జరిగింది ఎవరడిగారండీ? కారణం అడిగారు. డబ్బు లేక కట్టనివాళ్ళకు ఓ దారుంటుంది. ఉండి కట్టనివాళ్ళని వేరే జాబితాలో రాస్తారు. ఇవాళ పై ఆఫీసులో నా పరువు కూడా పోయింది."

"ఇంకోసారి రాసి ఇవ్వనా?"

"అక్కడ ముద్ర పడిపోయింది."

అతను నిజంగానే బాధపడ్డాడు. పెట్టేసేముందు, "హాస్పిటల్ అబద్ధం కాదు కదండీ," అన్నాడు.

ఆగస్టు 22

పనిలో తప్పులు ఏమీ పోనివ్వలేదు.

ఆగస్టు 24

అమ్మ నా ముందు ఒక ఒప్పందం కాగితం పెట్టింది. పన్నెండో తారీఖున డెంటిస్టు గారికి అడ్వాన్సు ఇచ్చేసిందట. బయటివాడెవడో ఎక్కువ ఇస్తానన్నాడని ఆయన మాటవరసకు అన్నారట. నాన్న పనిచేసిన నీటి సరఫరా ఆఫీసు నుంచి ఆయన తాలూకు వచ్చినదంతా ఇచ్చేసింది.

"నీకు చెప్తే కంగారుపడతావని. నువ్వు అయిపోయినట్టే అన్నావు కదా," అంది. నవ్వుతోంది. నన్ను ఆశ్చర్యపరచాలని పన్నెండు రోజులు దాచుకుంది.

కాగితం చదివాను. మొదట కనపడింది రెండో పంక్తిలో తప్పు: అమ్మ ఇంటిపేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. ఆ తర్వాతే అయిదో పంక్తి చదివాను. సెప్టెంబరు ముప్పై లోపల మిగతా సొమ్ము చెల్లించనియెడల అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు.

"బాగుందా? తప్పులేం లేవుగా?" అంది అమ్మ.

"లేవు," అన్నాను.

ఆగస్టు 27

రేపు చెప్తాను.

ఆగస్టు 28

అమ్మకు జలుబు చేసింది. తగ్గాక చెప్తాను.

ఆగస్టు 31

తగ్గింది.

సెప్టెంబరు 4

631. మొదటి బ్యాంకు కాదన్నాక ఇంకో రెండు చోట్ల అడిగాను. వాళ్ళూ కాదన్నారు. క్యాషియరక్క కొట్టినంత పని చేసింది. "వెళ్ళినచోటల్లా నీ కాగితాలు తిరగేస్తారే! అడిగిన ప్రతిసారీ నంబరు పడుతుంది. కనపడిన గుమ్మానికల్లా వెళ్ళి చెయ్యి చాపినట్టు లెక్క."

"ఏం చెయ్యనక్కా?"

"అమ్మకు చెప్పు."

"అది కాకుండా."

ఆమె డబ్బా మూత పెట్టేసి లేచిపోయింది.

సెప్టెంబరు 5

వాయిదా కట్టాను.

సెప్టెంబరు 13

చెప్పడానికి కూర్చున్నాను. అమ్మ నాన్న మంచం విప్పించి, ఆ గోడ కొలిచి, నా అలమర ఎంత పొడుగుండాలో చీటీ మీద రాసి ఇచ్చింది. తీసుకున్నాను.

బ్యాంకుకు రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఎవరో తెలియని వాళ్ళకు నిజం రాయడం నాకు సులువు. దాన్ని ధైర్యం అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

సెప్టెంబరు 20

చెప్పాను.

ఇంట్లో చెప్పలేనని తెలిసింది. మధ్యాహ్నం పని వదిలి డ్రైక్లీనింగు షాపుకు వెళ్ళాను. అక్కడైతే అమ్మకు గట్టిగా ఏడవడానికి వీలుండదని లెక్క వేసుకున్నాను. ఇది కూడా రాసి ఉంచాలి.

"ఏంటీ వేళప్పుడు? ఒంట్లో బాలేదా?"

"లోను రాదమ్మా."

అమ్మ చేతిలో తెల్ల చొక్కా ఉంది. పిన్ను గుచ్చడం ఆపలేదు. "రాదంటే? ఆలస్యమవుతుందా?"

"రాదు. నాన్న లోను నేను ఏడు నెలలు కట్టలేదు. నా పేరు పాడైపోయింది."

"ఏడు నెలలా? డబ్బులు లేక నాకు చెప్పలేదా?"

"డబ్బులున్నాయి."

అప్పుడు ఒకాయన లోపలికి వచ్చి కౌంటరు మీద కోటు పరిచాడు. "ఇది పోతుందామ్మా? సిరా మరక." అమ్మ కోటు వెలుతురులోకి పట్టుకుని చూసింది. "ప్రయత్నిస్తామండీ. పోతుందని మాట ఇవ్వం," అంది. చీటీ రాసి ఇచ్చింది. నంబరు సరిగ్గానే రాసింది. ఆయన చిల్లర లెక్కపెట్టుకుని వెళ్ళేదాకా ఇద్దరం కోటు వైపే చూశాం.

"ఉండి ఎందుకు కట్టలేదు?"

"కవర్లు తెరవలేదు."

"ఎందుకని?"

"లోను మా ఇద్దరి పేరుతో కదా. కవరు మీద ముందు నాన్న పేరు ఉంటుంది. ఆయన పోయినట్టు బ్యాంకుకు నేను చెప్పలేదు. నెలనెలా ఆయన పేరుతో ఉత్తరం వస్తుంటే..." అక్కడితో ఆగిపోయాను. ఇంతకాలం నా దగ్గర ఉంచుకున్నప్పుడు ఆ మాట ఎంతో పెద్దదిగా ఉండేది. చొక్కాల మధ్య అది చిన్నపిల్ల చెప్పే మాటలా వినిపించింది.

అమ్మ చొక్కా మడిచింది. పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకుంది.

"నాకూ వస్తాయి ఆయన పేరుతో," అంది. "ఆఫీసు నుంచి వస్తాయి. కరెంటు బిల్లు ఆయన పేరు మీదే వస్తుంది. నేను తెరవట్లేదా?"

పిన్నుల డబ్బా ఆమె దగ్గరికి జరిపాను.

"ఆఫీసుకు నేనే వెళ్ళాను. ఆయన పోయినట్టు కాగితం నాలుగుసార్లు రాయించుకున్నారు. రాశాను. నువ్వు కుమిలిపోతున్నావని నిన్ను పిలవలేదు." పిన్ను వేలికి గుచ్చుకుంది. చూసుకుని, చొక్కాకు అంటకుండా చెయ్యి దూరంగా పెట్టుకుంది. "మరి కార్డో? దానిమీద కూడా నాన్న పేరుందా?"

"లేదు. నాదే."

"అదెందుకు కట్టలేదు?"

దానికి నా దగ్గర కారణం లేదు. లేదని చెప్పాను.

"అయిపోయినట్టే అన్నావు కదే," అంది అమ్మ. నెమ్మదిగానే అంది. "బ్యాంకు సంగతి వదిలెయ్. నాతో అన్నావు కదా."

అమ్మ ఏడవలేదు. షాపు కట్టేసేదాకా అక్కడే నిలబడ్డాను. ఈలోగా వచ్చినవాళ్ళెవరికీ నన్ను చూపించి మా అమ్మాయి అనలేదు.

సెప్టెంబరు 21

మేడ మీదికి ఇద్దరం వెళ్ళాం. మెట్ల మీద అమ్మ, "నువ్వే చెప్పు," అంది.

చెప్పాను. డెంటిస్టు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"రాసుకున్న ప్రకారం చేస్తే నేను మనిషిని కాను. చెయ్యకపోతే మా అల్లుడి లెక్కలో మనిషిని కాను. బయటివాణ్ణి మీ కోసం తిప్పి పంపించానమ్మా. ఇప్పుడు వాడు బేరం తగ్గిస్తాడు," అన్నారు.

చివరికి తేలింది ఇది. అడ్వాన్సులో సగం ఆయనకు వచ్చే నష్టం కింద పోతుంది. మిగతా సగాన్ని పదకొండు నెలల అద్దె కింద పట్టుకుంటారు. కొనేవాడికి మమ్మల్ని అద్దెకున్నవాళ్ళుగా చూపించి అమ్ముతారు. ఆ తర్వాత వాడిష్టం.

"మీకు ఇంతకన్నా చెయ్యలేను చెల్లెమ్మా," అన్నారు. అమ్మ ఆయనకు దణ్ణం పెట్టింది. అది నేను చూడకుండా ఉండాల్సింది.

సెప్టెంబరు 22

"పదకొండు నెలలకు నీ నంబరు పెరుగుతుందా?" అని అడిగింది అమ్మ, బియ్యం ఏరుతూ.

"పెరుగుతుందమ్మా. ఒక్కటి కూడా తప్పకుండా కడితే ఏడు వందలు దాటుతుంది."

"ఈ గదులు ఉండవు."

"ఉండవు."

బియ్యం ఏరడం పూర్తి చేసి ఎసట్లో పోసింది.

సెప్టెంబరు 25

ఉదయం బ్యాంకుకు వెళ్ళి నాన్న పోయినట్టు కాగితం ఇచ్చాను. గుమస్తా తేదీ చూసి, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. తలెత్తలేదు, ఊరికే అడిగాడు. ముద్ర వేసి ఇచ్చాడు.

సెప్టెంబరు 30

గడువు.

పుస్తకాల పెట్టెలు మంచం కింద నుంచి లాగి పాత పుస్తకాల దుకాణానికి ఇచ్చేశాను. కొత్తవి కదా, విప్పనైనా లేదు అన్నాడు దుకాణంవాడు. సగం ధర ఇచ్చాడు. అమ్మ చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుంది. ఇదివరకు నేను ఇచ్చినవి లెక్కపెట్టేది కాదు.

అక్టోబరు 4

628.

అక్టోబరు 5

ప్రెస్సుకు బయలుదేరుతుంటే అమ్మ వంటింట్లోంచి పిలిచింది.

"ఇవాళ అయిదు కదా. కట్టావా?"

"కట్టానమ్మా. పొద్దున్నే."

చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"చూపించు."

ఫోను ఇచ్చాను. కళ్ళజోడు తెచ్చుకుంది. వెలుతురు చాలక కిటికీ దగ్గరికి జరిగింది. తేదీ చదివింది. సొమ్ము చదివింది. ఆగి, వేలితో పైకి జరిపి, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా ఆఖరిదాకా చదివింది. నా బస్సు వెళ్ళిపోయింది. నిలబడ్డాను.

"సరే," అని ఫోను తిరిగి ఇచ్చింది. "వచ్చే నెల కూడా చూపించు."